ముక్కు ఆపరేషన్ తర్వాత ముక్కు లోపలి చర్మానికి ఇన్ఫెక్షన్ వస్తే ఏం చేయాలి

ముక్కుదూలం (రెండు రంధ్రాల మధ్య ఉండే గోడ) వంకర సరిచేయించుకున్నారు. రక్తం కారకుండా లోపల కుక్కిన ప్యాక్ తీసేశారు, గాలి బాగా ఆడుతోంది. ఇక గండం గడిచిందనుకున్న వారం పది రోజులకు ముక్కు కొన మళ్ళీ నొప్పి మొదలుపెట్టింది. ముఖం తుడుచుకుంటుంటే టవల్ తగిలినా చురుక్కుమంటోంది. అద్దంలో చూస్తే రంధ్రం అంచు ఎర్రగా ఉంది, లోపల పసుపు రంగు పక్కులు కట్టి ఉన్నాయి. ఆపరేషన్ ఫెయిలయిందేమో అని టెన్షన్ పడటం సహజం. చాలాసార్లు అలా కాదు. దూలానికి చేసిన పని బాగానే ఉంటుంది. ముందు భాగంలోని చర్మానికి మాత్రం ఇన్ఫెక్షన్ సోకి ఉంటుంది. త్వరగా గుర్తించి సరైన మందు వాడితే ఎక్కువ మందిలో కొద్ది రోజుల్లోనే తగ్గిపోతుంది. దీన్ని పెద్దది చేసేవి ముఖ్యంగా రెండు: ముక్కులోకి వెళ్ళే మన వేలు, డాక్టర్‌ని అడగకుండా మెడికల్ షాపులో కొనే ట్యూబు.

ముక్కు లోపలంతా ఒకే రకమైన పొర ఉండదు. రంధ్రంలోకి వెళ్ళగానే మొదటి ఒకటి, ఒకటిన్నర సెంటీమీటరు వరకు ఉండేది మామూలు చర్మమే. దానికి వెంట్రుకలు, నూనె గ్రంథులు ఉంటాయి. ఆ తర్వాతే తడిగా, గులాబీ రంగులో ఉండే లోపలి పొర మొదలవుతుంది. ముందు భాగాన్ని వెస్టిబ్యూల్ అంటారు, దానికి వచ్చే ఇన్ఫెక్షన్‌ను వెస్టిబ్యులైటిస్ అంటారు. మీ చీటీలో ఈ మాట కనబడితే కంగారు పడకండి. ఎక్కువగా దీనికి కారణం స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో కూడా దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరి ముక్కులో ఇది ఏ ఇబ్బందీ పెట్టకుండా ఉంటుంది. చర్మం చీరుకుపోతేనే లోపలికి దిగుతుంది. దూలం ఆపరేషన్‌లో కోత పెట్టేది, కుట్లు వేసేది ఈ చర్మం చివరనే. పైగా ప్యాక్, దూలానికి ఆసరాగా పెట్టే సిలికాన్ ప్లేట్లు ఒరుసుకుంటాయి, రక్తం కలిసిన చీమిడి అక్కడే ఎండుతుంది, దురద పుడుతుంది. బ్యాక్టీరియాకు అంతకన్నా ఏం కావాలి!

మొదట: ఇది ఇన్ఫెక్షనేనా, మానే క్రమంలో మామూలుగా ఉండేదేనా?

ఆపరేషన్ అయిన మొదటి వారంలో ముక్కు దిబ్బడ, రక్తం చారలతో చీమిడి, గోధుమ రంగు పక్కులు మామూలే. పక్కులు రెండు మూడు వారాల వరకు రావచ్చు. ముక్కు కొన, పై వరుస ముందు పళ్ళు మొద్దుబారినట్టు ఉండటం కూడా కొన్ని వారాలు ఉంటుంది. నొప్పి మాత్రం రోజురోజుకూ తగ్గుతూ పోవాలి. తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్ళీ పెరిగిందంటే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. దానితోపాటు రంధ్రం అంచు ఎర్రబడటం, ముక్కు కొన వెచ్చగా వాచినట్టు ఉండటం, తేనె రంగు పక్కులు, వెంట్రుక మొదట్లో చిన్న చీము పొక్కు కనబడితే చర్మపు ఇన్ఫెక్షన్ అయ్యే అవకాశం ఎక్కువ.

చూసుకోవడానికి అద్దం, ఫోన్ టార్చి చాలు. తల కొంచెం వెనక్కి వాల్చి చూడండి. రంధ్రాన్ని సాగదీయవద్దు, పిన్నులు, ఇయర్‌బడ్లతో లోపల కెలకవద్దు. ముక్కు ఆకారం సరిచేసే రైనోప్లాస్టీ అయినవాళ్ళు ముక్కు కొనను పైకి నొక్కి కూడా చూడకూడదు. ఒక ఫోటో తీసి పెట్టుకోండి, మర్నాడు అదే వెలుతురులో మరొకటి తీయండి. ఎరుపు పాకుతోందా తగ్గుతోందా అన్నది మన జ్ఞాపకం కన్నా ఫోటోల్లో బాగా తెలుస్తుంది. డాక్టర్‌కు పంపడానికీ పనికొస్తాయి.

ఇన్ఫెక్షన్‌లా కనబడి మోసం చేసేవి కొన్ని ఉన్నాయి. గుంపుగా చిన్న చిన్న నీటి పొక్కులు వచ్చి, అవి రావడానికి ముందు మంట, జివ్వుమనడం ఉంటే అది హెర్పిస్ వైరస్ కావచ్చు. దానికి యాంటీబయాటిక్ పని చేయదు, వేరే మందు ఉంది. ఆయింట్‌మెంట్ మొదలుపెట్టాక నొప్పి కన్నా దురద, ఎరుపు పెరుగుతుంటే ఆ ఆయింట్‌మెంటే పడలేదేమో చూడాలి. నియోమైసిన్ ఉన్న ట్యూబులతో కొందరికి ఇలా అవుతుంది. ఒక్కోసారి కరగాల్సిన కుట్టు కొన గుచ్చుకుని అక్కడే పుండు చేస్తుంది. దాన్ని డాక్టర్ కత్తిరించి తీసేస్తే నొప్పి పోతుంది. మీరు మాత్రం లాగకండి.

ఇవి కనబడితే ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి

మిగతా పద్ధతులన్నీ మామూలు ఇన్ఫెక్షన్‌కే. కింద చెప్పేవాటిలో ఏది ఉన్నా ఇంట్లో చేసేదేమీ లేదు, రాత్రి వేళ అయినా సరే వెళ్ళాలి.

రెండు రంధ్రాలూ ఒక్కసారిగా మూసుకుపోయి, ముక్కు లోపల పోటు పెరుగుతుంటే దూలం పొరల మధ్య రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఇది ఎక్కువగా ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లోనే జరుగుతుంది. దానికి చీము కూడా పడితే దూలంలోని మృదులాస్థి కొద్ది రోజుల్లోనే కరిగిపోయి ముక్కు మధ్యలో కుంగిపోతుంది. ఆ గడ్డను సమయానికి తీసేస్తే ముక్కు దక్కుతుంది.

కంటి రెప్ప వాచడం, కన్ను ఎర్రబడి ముందుకు వచ్చినట్టు ఉండటం, ఒకటి రెండుగా కనబడటం, భరించలేని తలనొప్పి, చలిజ్వరం, మగతగా ఉండటం ఇంకా ప్రమాదకరం. ముక్కు మొదలు నుంచి పెదవుల రెండు మూలల దాకా ఉన్న భాగంలోని సిరలకు మెదడు అడుగున ఉండే సిరలతో సంబంధం ఉంది. అందుకే అక్కడి చీము పొక్కుని ఎప్పుడూ పిండకూడదని డాక్టర్లు పదేపదే చెబుతారు. చీము మెదడు వైపు పాకడం అరుదే, కానీ పాకితే ప్రాణం మీదికి వస్తుంది.

ముక్కులో ప్యాక్ లేదా ప్లేట్లు ఉండగా ఎక్కువ జ్వరం, వాంతులు, విరేచనాలు, ఒళ్ళంతా ఎండకు కమిలినట్టు ఎర్రటి దద్దు, కళ్ళు తిరగడం వస్తే టాక్సిక్ షాక్, అంటే బ్యాక్టీరియా విషం ఒళ్ళంతా పాకడం కావచ్చు. సైనస్ ఆపరేషన్ అయినవాళ్ళకు ముందుకు వంగినప్పుడు ఒక రంధ్రం నుంచి నీళ్ళలాంటి ద్రవం చుక్కలు చుక్కలుగా కారుతూ, గొంతులో ఉప్పగా అనిపిస్తే జలుబనుకోకండి. అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు.

షుగర్ ఉన్నవాళ్ళకు, స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవాళ్ళకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. పక్కు నల్లగా ఉండి, చెంప మొద్దుబారి, ముఖం ఒక వైపు నొప్పి పెడుతుంటే అదే రోజు ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి. 2021లో కోవిడ్ రెండో దశ తర్వాత బ్లాక్ ఫంగస్ రోగులతో హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి నిండిపోయిన రోజులు మనకు గుర్తే. ఎండిన రక్తపు పక్కు కూడా నల్లగానే కనబడుతుంది కాబట్టి ప్రతి నల్ల పక్కూ ఫంగస్ కాదు. కానీ షుగర్ ఉన్న మనిషి ఆ తేడాను ఇంట్లో కూర్చుని తేల్చుకునే ప్రయత్నం చేయకూడదు.

తర్వాత: ఆపరేషన్ చేసిన డాక్టర్‌కే ఫోన్ చేయండి

లోపల ఏ కుట్టు ఎక్కడ ఉందో, ప్లేట్లు ఎన్నాళ్ళు ఉంచాలో, ఎక్కడ కోత పెట్టారో తెలిసింది ఆయనకే. చెప్పాల్సినవి ముందే ఒక కాగితం మీద రాసుకోండి: ఆపరేషన్ తేదీ, నొప్పి ఎప్పుడు తగ్గి ఎప్పుడు పెరిగింది, జ్వరం ఎంత, ప్రస్తుతం వాడుతున్న మందులు, షుగర్ ఉందా, పెన్సిలిన్ పడదా, రక్తం పలుచన చేసే మాత్రలు వాడుతున్నారా. ఫోటోలు వాట్సాప్‌లో పంపండి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చేయించుకుని ఊరికి వెళ్ళిపోయినవాళ్ళు దగ్గర్లోని ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోవచ్చు, డిశ్చార్జ్ సమ్మరీ తప్పకుండా తీసుకెళ్ళండి. సెలవులకు ఇండియా వచ్చి చేయించుకుని తిరిగి వెళ్ళేవాళ్ళు కూడా ఆ కాగితం సూట్‌కేసులో కాకుండా చేతి బ్యాగులో పెట్టుకోవాలి.

మెడికల్ షాపుకు వెళ్ళి ‘ముక్కులో కురుపు, ఏదైనా ట్యూబివ్వండి’ అంటే ఏదో ఒకటి ఇస్తారు. అసలు ఇబ్బంది అక్కడే. మన దగ్గర బాగా అమ్ముడయ్యే చర్మం క్రీములు చాలావాటిలో యాంటీబయాటిక్, ఫంగస్ మందు, స్టెరాయిడ్ మూడూ కలిపి ఉంటాయి. స్టెరాయిడ్ వల్ల ఎరుపు, వాపు తగ్గి నయమైనట్టే అనిపిస్తుంది. కానీ అది చర్మం ఎదురు తిరిగే శక్తిని తగ్గిస్తుంది, ఇన్ఫెక్షన్ లోపల ముదురుతుంది. ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అనే పేర్లు కనబడితే, మీ డాక్టర్ స్వయంగా రాయకపోతే, దాన్ని ముక్కులో పెట్టకండి.

పక్కుల్ని నానబెట్టండి, పీకకండి

పక్కు కింద కొత్త చర్మం పుడుతుంటుంది. గోరుతో లాగితే అది కూడా లేచి వస్తుంది, రక్తం కారుతుంది, మళ్ళీ పక్కు కడుతుంది. ఎన్ని వారాలైనా ఇదే తంతు నడుస్తుంది. అందుకే ముందు నానబెట్టాలి. దీనికి సెలైన్ చుక్కలు లేదా సెలైన్ స్ప్రే సరిపోతాయి. రోజుకు ఎన్నిసార్లో డాక్టర్ చెబుతారు.

కొనేటప్పుడు పేరు చదవండి. అందులో సోడియం క్లోరైడ్ మాత్రమే ఉండాలి. దాదాపు అలాంటి బాటిల్‌లోనే దిబ్బడ తగ్గించే ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ చుక్కలూ వస్తాయి. వాటిని డాక్టర్ చెప్పినన్ని రోజులే, మామూలుగా మూడు నుంచి ఐదు రోజులు మాత్రమే వాడాలి. ఆ తర్వాత కూడా వాడితే దిబ్బడ తగ్గకపోగా ఇంకా పెరుగుతుంది.

బాటిల్‌తో ముక్కు కడుక్కోవడం, అంటే జలనేతి లాంటిది, డాక్టర్ ఒప్పుకున్నాకే మొదలుపెట్టండి. నీళ్ళ విషయంలో మాత్రం రాజీ పడవద్దు. కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు, ఫిల్టర్ నీళ్ళు, క్యాను నీళ్ళు ఏవైనా బాగా మరిగించి చల్లార్చాకే వాడాలి. శుభ్రం చేయని నీటిలో ఉండే నెగ్లేరియా అనే అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరుతుంది. మన పక్కనే కేరళలో ఈ మధ్య దాని వల్ల ప్రాణాలు పోయాయి. తాగితే ఏమీ చేయని నీళ్ళు ముక్కులోకి వెళ్తే ప్రమాదం కావచ్చు. ఉప్పు కొలత లీటరు నీటికి 9 గ్రాములు, సుమారు ఒకటిన్నర టీ స్పూను. ఇంటి ఉప్పు కన్నా కొలిచి పెట్టిన సెలైన్ ప్యాకెట్లు మేలు, అవి మండవు. కలిపిన నీళ్ళు ఆ రోజుకే, మిగిలితే పారబోయండి. బాటిల్ కూడా మరిగించి చల్లార్చిన నీటితోనే కడిగి ఆరబెట్టండి.

నాని మెత్తబడిన పక్కు తనంతట తాను జారితే శుభ్రమైన టిష్యూతో అద్ది తీయండి. రానంటే వదిలేయండి, రేపు వస్తుంది.

ఆయింట్‌మెంట్ పెట్టే పద్ధతి

ఈ ఇన్ఫెక్షన్‌కు డాక్టర్లు ఎక్కువగా రాసేది 2 శాతం ముపిరోసిన్. కొందరు ఫ్యూసిడిక్ యాసిడ్ రాస్తారు. ముపిరోసిన్ రెండు రకాలుగా దొరుకుతుందని చాలామందికి తెలియదు. చర్మానికి వాడే మామూలు ఆయింట్‌మెంట్‌ను పాలిఎథిలీన్ గ్లైకాల్‌లో కలిపి చేస్తారు, లోపలి తడి పొరకు తగిలితే అది మండుతుంది. ముక్కు కోసం తయారైనదాన్ని మెత్తటి పారఫిన్‌లో కలుపుతారు. మీకు రాసింది ఏదో, ఎంత లోతు వరకు పెట్టాలో అడిగి తెలుసుకోండి.

ముందు చేతులు సబ్బుతో 20 సెకన్లు కడుక్కోండి. సెలైన్ వేసుకుని కొద్ది నిమిషాలు ఆగి, కారినది తుడిచేయండి. కొత్త ఇయర్‌బడ్ మీద పెసరగింజంత ఆయింట్‌మెంట్ తీసుకోండి. ట్యూబు మూతిని ముక్కుకు తగిలించవద్దు, తగిలితే బ్యాక్టీరియా ట్యూబులోకే చేరుతుంది. బడ్‌లోని దూది భాగం కనబడకుండా లోపలికి పోకూడదు. రంధ్రం అంచున, వెంట్రుకలున్న చర్మానికి పల్చగా రాయండి, రుద్దకండి. రెండో రంధ్రానికి ఇంకో కొత్త బడ్ తీసుకోండి. తర్వాత ముక్కు రెక్కల్ని బయటి నుంచి మెల్లగా అదిమి వదిలితే మందు సర్దుకుంటుంది. ప్లేట్లు ఉన్నవాళ్ళు, రైనోప్లాస్టీ అయినవాళ్ళు అలా అదమకూడదు. చివర్లో మళ్ళీ చేతులు కడుక్కోండి.

సాధారణంగా రోజుకు రెండు మూడు సార్లు, ఐదు నుంచి ఏడు రోజులు రాస్తారు. రెండో రోజుకే నొప్పి తగ్గిందని ఆపేయవద్దు. బాగుంది కదా అని నెలల తరబడి వాడటమూ తప్పే, బ్యాక్టీరియా ఆ మందుకు అలవాటు పడుతుంది. ఎండిపోతోందని వాసెలిన్ రాసుకునేవాళ్ళు అంచున పల్చగా రాసుకోవచ్చు. లోపలికి బాగా పూసుకుని పడుకోవద్దు. రోజూ అలా చేస్తే ఆ జిడ్డు కొంచెం కొంచెంగా ఊపిరితిత్తుల్లోకి దిగే ప్రమాదం ఉంది.

మాత్రలు ఎప్పుడు అవసరం

ఎరుపు ముక్కు బయటికి పాకినా, కొన గట్టిగా వాచినా, సెగ్గడ్డ లేచినా, జ్వరం ఉన్నా ఆయింట్‌మెంట్ ఒక్కటే సరిపోదు. అప్పుడు అమాక్సిసిలిన్ క్లావులనేట్, సెఫలెక్సిన్ వంటివి రాస్తారు. ఏది, ఎంత మోతాదు అన్నది మీ బరువు, కిడ్నీలు, అలర్జీ చూసి డాక్టర్ నిర్ణయించాలి. పోయినసారి జ్వరానికి తెచ్చి మిగిలిన అజిత్రోమైసిన్ మూడు మాత్రలు వేసుకుని చూద్దామనుకోకండి.

మందు మొదలుపెట్టిన 48 నుంచి 72 గంటల్లో నొప్పి, ఎరుపు తగ్గుముఖం పట్టాలి. పట్టకపోతే మళ్ళీ చూపించుకోండి, చీము తీసి కల్చర్ పరీక్షకు (అందులోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) పంపమని అడగండి. మామూలు యాంటీబయాటిక్‌లకు లొంగని ఎంఆర్ఎస్ఏ అనే రకం ఉంటే దానికి మందు వేరు, ఏది పని చేస్తుందో పరీక్షలోనే తేలుతుంది. సెగ్గడ్డకు చీరి చీము తీయాలంటే డాక్టరే తీయాలి.

నొప్పికి పారాసిటమాల్ మంచిది. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ రక్తస్రావాన్ని పెంచవచ్చు కాబట్టి ఆపరేషన్ అయిన కొత్తలో డాక్టర్‌ని అడక్కుండా వేసుకోవద్దు. గుండె జబ్బుకు ఆస్పిరిన్ వాడేవాళ్ళు మాత్రం దాన్ని సొంతంగా ఆపేయకూడదు. వేడి కాపడం కొన్నిసార్లు ఉపశమనం ఇస్తుంది, కానీ ఆపరేషన్ అయిన ముక్కుకు వేడి సరిగా తెలియదు. డాక్టర్ సరే అంటే గుడ్డను ముందు మణికట్టు లోపలి వైపు ఆనించి చూసుకుని, గోరువెచ్చగా ఉంటేనే పెట్టుకోండి.

ఇన్ఫెక్షన్ మొండికేస్తే షుగర్ పరీక్ష చేయించుకోండి. షుగర్ ఉన్నట్టే తెలియని మనిషికి ముక్కులో మానని పుండు ద్వారా అది బయటపడటం అరుదేమీ కాదు.

మానే వరకు

చెయ్యి ముక్కులోకి వెళ్ళకపోతే సగం వైద్యం అయినట్టే. గోళ్ళు కత్తిరించుకోండి. నిద్రలో వేలు పెట్టుకునే అలవాటు ఉంటే చేతులకు పల్చటి కాటన్ గ్లవ్స్ వేసుకుని పడుకోండి. ముక్కు వెంట్రుకల్ని పీకవద్దు, కత్తిరించవద్దు. ముక్కుపుడక ఉన్నవాళ్ళు మానే వరకు తీసి ఉంచడమే మంచిది. రంధ్రం పూడుకుపోతుందేమోనని బెంగ ఉంటుంది, ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోకపోవచ్చు కూడా. మళ్ళీ కుట్టించుకోవచ్చు, పుండు మీద లోహం ఒరుసుకుంటుంటే మాత్రం మానదు.

టవల్ మీది మీకే ఉండాలి. దిండు గలీబు, మాస్కు తరచూ మార్చండి. డాక్టర్ చెప్పే వరకు ముక్కు గట్టిగా చీదవద్దు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మండి.

ఆవు నెయ్యి చుక్కలు, పసుపు ముద్ద, విక్స్, నువ్వుల నూనె వంటివి ప్రేమతోనే ఇస్తారు. కాదనడం కష్టమే. అయినా పచ్చి కోత మీద అవేవీ వద్దు. అవేవీ ముక్కు లోపలి పుండు కోసం తయారు చేసినవి కావు, పైగా విక్స్‌లోని కర్పూరం పుండును మండిస్తుంది. ఆవిరి పట్టడం కూడా డాక్టర్ చెబితేనే. అగరుబత్తి పొగ, పోపు ఘాటు, ఏసీ గాలి నేరుగా తగలకుండా చూసుకుంటే పక్కులు తక్కువ కడతాయి.

మానిన తర్వాత కూడా ఇన్ఫెక్షన్ మళ్ళీ మళ్ళీ వస్తుంటే ముక్కులో స్టెఫైలోకాకస్ స్థిరపడిందేమో పరీక్ష చేయమని డాక్టర్‌ని అడగండి. ఉంటే కొన్ని రోజులు ముక్కుకు ముపిరోసిన్, స్నానానికి క్లోర్‌హెక్సిడిన్ సబ్బు కలిపి వాడిస్తారు. ఎలర్జీ కోసం స్టెరాయిడ్ స్ప్రే వాడేవాళ్ళు దాన్ని మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో కనుక్కోండి. కొట్టుకునేటప్పుడు మొనను దూలం వైపు కాకుండా అదే వైపు చెవి దిక్కుగా తిప్పండి. కుడి రంధ్రానికి ఎడమ చెయ్యి, ఎడమ రంధ్రానికి కుడి చెయ్యి వాడితే అది తేలిగ్గా కుదురుతుంది.